ఇరవై నిమిషాలు ముందున్న ఇల్లు

మా ఇంట్లో సరైన సమయం చూపించే గడియారం ఒక్కటీ లేదు. పాడైపోయి కాదు, మా మామయ్య వాటిని అలా ఉండనివ్వరు. హాల్లోది, వంటింట్లోది, పడగ్గదుల్లోవి, ఆఖరికి స్నానాల గది బయట మేకుకు వేలాడే బుల్లి గడియారమూ ఇరవై నిమిషాలు ముందు నడుస్తాయి. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, చిన్న స్టూలు చంకన పెట్టుకుని ఆయన గదిగదికీ తిరుగుతారు. ఏ గడియారమైనా అలసిపోయి నిజానికి దగ్గరగా జరిగిందేమో చూసి, చెవి మెలేసి మళ్లీ ముందుకు తోస్తారు.

ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. డ్రైవర్లు ఎప్పుడూ ఆలస్యంగా వస్తున్నారని విశ్రాంతి గదిలో గడియారం ముందుకు తిప్పడంతో మొదలైన అలవాటట అది. డిపో వదిలినా అలవాటు వదల్లేదు.

ఇంట్లో వాళ్లం మాత్రం ఎవరికి వాళ్లం ఇరవై తీసేసుకుంటాం. గోడ మీద తొమ్మిదైతే మా నోట ఎనిమిదీ నలభై అని వస్తుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండి అడిగేశాను.

"అందరం తీసేసుకుంటూనే ఉన్నాం కదా మామయ్యా, మరి ముందుకు పెట్టడం దేనికి?"

"తీసేసుకునే లోపు ఒక్క క్షణం గుండె గుభేల్మంటుంది కదమ్మా. ఆ క్షణం చాలు" అన్నారాయన.

నేనూ మిగతావాళ్లలాగే ఇరవై తీసేసుకుంటూ కాపురం సాగించాను.

ఇక నా సంగతి. నా చదువంతా నేల కింద నీళ్ల మీద. ఏ రాతి పొరలోంచి నీరు ఎటు జారుతుంది, ఎక్కడ బోరు వేస్తే పక్కవాడి బావి ఎండుతుంది, ఇవన్నీ కంప్యూటరు మీద లెక్కకట్టే పని. పెళ్లయ్యాక మావారి బదిలీలతో ఊళ్లు మారీ మారీ, నా చదువు కూడా నీళ్లలాగే నేలలోకి ఇంకిపోయింది. ఇప్పుడు ఇన్నేళ్లకు ఒక పరిశోధన సంస్థ ఇంటినుంచే చేసే ఉద్యోగానికి నన్ను చివరి దాకా రానిచ్చింది. ఒక్క పరీక్ష మిగిలింది. వాళ్ల భూగర్భజలాల ప్రోగ్రామును సోర్సు నుంచి నా లినక్స్ యంత్రంలో నేనే ఎక్కించుకోవాలి. సోమవారం పదకొండింటికి వీడియోలో వాళ్ల ముందు ఒక నమూనా లెక్క నడిపి చూపించాలి. అది నడిస్తే ఉద్యోగం, నడవకపోతే మళ్లీ నేను "ఇంట్లోనే ఉంటుంది, ఏమీ చెయ్యదు" జాబితాలోకి. ఆ మాట బంధువుల నోట విన్నప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తాయి. అందుకే ఈ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి.

సోర్సు నుంచి ఎక్కించడమంటే తెలియనివాళ్లకు చెబుతాను. మీరు బీరువా అడుగుతారు. వాళ్లు చెక్కలు పంపి కొలతలు రాసి ఇస్తారు. మేకులు మీరే తెచ్చుకోవాలి. ఆ మేకులకు వేరే సుత్తి కావాలంటారు. సుత్తి దొరికాక, ఇది కొత్త మోడల్, మా మేకులు పాత మోడల్ సుత్తి దెబ్బకే దిగుతాయంటారు. పాత సుత్తి తెస్తే, అప్పటికే బిగించిన తలుపు ఊడి కాళ్ల మీద పడుతుంది.

నా ప్రోగ్రాముకు ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన సాయం ప్రోగ్రాముల మూట, కావాలి. ఆ లైబ్రరీకి ఇంకో మూడు కావాలి. వాటిలో ఒకటి పాత వెర్షనైతేనే వస్తానంటుంది, రెండోది కొత్తదైతే తప్ప గడప తొక్కనంటుంది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద నా యంత్రం, దాని ముందు నేను, నా వెనక సోఫాలో పేపరు చదువుతూ మామయ్య. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడల్లా నేను పళ్లు నూరేదాన్ని. ఏదైనా మొండికేస్తే నా మొదటి మందు ఒక్కటే, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టడం. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియోకి కూడా నెత్తిన ఒకటి మొట్టడమే వైద్యం. ఆ సంస్కారమే ఇది.

అలా ఒక ఉదయం ఆపి పెట్టాక, అంతకుముందే నెట్ నుంచి దించుకున్న లైబ్రరీని ముక్కలు కలిపి కట్టబోతే తెర ఒక వింత మాట చెప్పింది. ఇప్పుడే పుట్టిన ఫైలు, దించుకున్న ఫైళ్ల కంటే పాతదిగా ఉందట. గడియారం సరిచూసుకోమని ఓ ఉచిత సలహా. అంటే ఇవాళ పుట్టిన మనవడు తాతకన్నా వయసులో పెద్దవాడు! నేను బుద్ధిగా యంత్రం గడియారం చూశాను. గోడ గడియారం చూశాను. ఇరవై తీసేశాను. రెండూ అతికినట్టు సరిపోయాయి.

"గడియారం బాగానే ఉందే మొద్దూ!" అని తెర మీద అరిచాను.

"ఎవర్నమ్మా?" అన్నారు మామయ్య పేపరు దించి.

"మిమ్మల్ని కాదు మామయ్యా, దీన్ని."

అదే ఆదేశం పదిసార్లు కొట్టాను. పదిసార్లూ అదే జవాబు. పదకొండోసారి ఆదేశం టైపు చేసి, ఎంటర్ కొట్టే ఓపిక కూడా లేక, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లిపోయాను. దుప్పట్లను పిండిన పిండుడుకి అవి జన్మలో మళ్లీ మాసిపోవడానికి సాహసించవు.

కిందికి వచ్చేసరికి తెర మీద అక్షరాలు ఏరులా పారుతున్నాయి. లైబ్రరీ చక్కగా తయారవుతోంది. పక్కన మా అత్తయ్య తుడుపు గుడ్డతో నిలబడి బిక్కమొహం వేసింది.

"దుమ్ము తుడుస్తుంటే ఏదో నొక్కుకుపోయిందే అమ్మడూ. పాడైపోయిందా?"

"బాగుపడింది అత్తయ్యా!"

మర్నాడు ఇంకో లైబ్రరీ దగ్గర మళ్లీ అదే గోల. తాతకన్నా పెద్ద మనవడు. ఆపి పెట్టాను, తిట్టాను, బతిమాలాను. చివరికి చిరాకేసి కూరగాయలకు బజారుకెళ్లాను. వచ్చి, ఎందుకో నాకే తెలియకుండా, "అత్తయ్యా, ఒక్కసారి వచ్చి ఈ ఎంటర్ నొక్కరూ" అన్నాను. ఆవిడ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కింది. పనిచేసింది.

అంతే, ఇంట్లో హస్తవాసి అనే మాట పుట్టింది. మావారు ఆఫీసు నుంచి రాగానే, "డాక్టరేట్ నీకిచ్చారు, హస్తవాసి మా అమ్మకిచ్చారు" అని పళ్లికిలించారు. పక్కింటావిడ తన వాషింగ్ మెషిన్ తిరగడం లేదని అత్తయ్యను చేయి పట్టుకుని తీసుకుపోయింది. అది తిరిగిందట కూడా. ఇక అత్తయ్యను పట్టగలమా!

నేను శాస్త్రం చదువుకున్నదాన్ని. హస్తవాసిని నమ్మను. కానీ సోమవారం ముంచుకొస్తుంటే నమ్మకాలు ఎవడికి కావాలి? తప్పు వచ్చినప్పుడల్లా అత్తయ్యను పిలవడం మొదలుపెట్టాను. ఆవిడ కూడా కొద్దిగా బెట్టు చేసేది. "ఈ గిన్నెలు కానివ్వవే", "ఈ బట్టలు మడతపెట్టి వస్తా" అంటూ తీరిగ్గా వచ్చి, కళ్లజోడు సవరించుకుని, చూపుడువేలితో ఒక్క నొక్కు నొక్కేది. ప్రతిసారీ పనిచేసేది. నేను లోపల్లోపల అవమానంతో కుమిలిపోతూ, పైకి "థాంక్స్ అత్తయ్యా" అనేదాన్ని.

ఆదివారానికి లైబ్రరీలన్నీ కుదిరాయి. అసలు ప్రోగ్రాము ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం దాన్ని దించుకుని, కట్టబోతే ఏదో ఫైలుకు దారి దొరకలేదంది. దారి సరిచేసి, అలవాటు కొద్దీ యంత్రాన్ని ఆపి పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను. వచ్చింది మన పాత చుట్టం! తాతకన్నా పెద్ద మనవడు.

"అత్తయ్యా!" అని కేకేశాను. జవాబు లేదు. పక్కింటావిడతో కలిసి ఎవరినో చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇంత చదువూ చదివి, అత్తగారి వేలు ఇంట్లో లేదని బెంగపడుతున్నాను. నా మీద నాకే సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే, మొదటిరోజే చేయాల్సిన పని అప్పుడు చేశాను. గడియారం కాకుండా ఫైళ్లను చూశాను. ప్రతి ఫైలు మీదా అది పుట్టిన వేళ ముద్ర ఉంటుంది. ఇప్పుడు టైము నాలుగుంబావు. ఫైళ్లన్నీ నాలుగున్నరకు పుట్టాయట. అంటే ఇంకా పుట్టనే లేదు!

నేను నోరు తెరుచుకుని చూస్తుండగా స్టూలు చంకన పెట్టుకుని మామయ్య వచ్చారు. హాలు గడియారం చెవి మెలేశారు. స్టూలు దించారు. తిన్నగా నా పక్కకు వచ్చి, వంగి, మౌసు పట్టుకుని, ఎంతో అలవాటైన చేత్తో తెర మూల గడియారం తెరిచారు.

"చూశావా, మళ్లీ వెనకబడింది. రోజూ సరిచేస్తూనే ఉన్నా, ఆపి పెట్టగానే మొదటికొస్తుంది. నాసిరకం యంత్రం కొన్నట్టున్నావమ్మా."

ఇరవై నిమిషాలు ముందుకు తోశారు.

నాకు ఒక్కసారిగా అంతా వెలిగింది. మామయ్య ముందుకు జరిపిన వేళలో నేను ఫైళ్లు దించుకుంటాను. వాటి మీద ఇరవై నిమిషాల తర్వాతి ముద్ర పడుతుంది. ఏదో కుదరక ఆపి పెడతాను. లేస్తూనే యంత్రం నెట్ నుంచి అసలు సమయం తెచ్చుకుంటుంది. ఇక ఆ ఫైళ్లన్నీ రేపటి నుంచి ఊడిపడ్డ చుట్టాలే. అప్పుడు నేను గడియారం చూస్తే సరిగ్గానే ఉంటుంది మరి! ఇరవై నిమిషాలు గడిస్తే ఆ గొడవ దానంతటదే సద్దుమణుగుతుంది. అత్తయ్య గిన్నెలు కడగడానికి ఎప్పుడూ అంతకంటే ఎక్కువే పడుతుంది. అదీ హస్తవాసి.

ఇక్కడ నేను నవ్వాల్సింది. నవ్వలేదు. వారం రోజుల ఉక్రోషం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"మీరా! ఇన్నాళ్లూ మీరా దీన్ని ముట్టుకుంటున్నది? మీ గడియారాల పిచ్చితో రేపు నా ఉద్యోగం పోయేది మామయ్యా!"

ఆయన మౌసు మీద చెయ్యి నెమ్మదిగా తీసేశారు. పెద్దాయన మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ ఇంటర్వ్యూ కదమ్మా. ఆలస్యం కాకూడదని..." అని ఆగారు. "నాకు డిపో మేనేజరు పోస్టుకి పిలుపొచ్చింది ఒకప్పుడు. నేను వెళ్లేసరికి తలుపులేశారు. ఎంతో ఆలస్యం కాదు, లోపల కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. తట్టినా తీయలేదు. నీకట్లా కాకూడదనుకున్నా. అంతే."

స్టూలు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఫైళ్లన్నిటికీ ఇప్పటి వేళ ముద్ర వేసే చిన్న ఆదేశం ఒకటుంది. యంత్రాన్ని అసలు సమయానికి తెచ్చి, అది కొట్టాను. ప్రోగ్రాము ఒక్క పొల్లు మాట లేకుండా తయారై కూర్చుంది. వారమంతా దేనికోసం చచ్చానో అది దక్కింది కానీ, సంతోషించబుద్ధి కాలేదు. ఆయన గది తలుపు దగ్గరికి వెళ్లి, "అయిపోయింది మామయ్యా, పనిచేస్తోంది. కోపంలో ఏదో అనేశాను" అన్నాను. "మంచిదమ్మా" అన్నారు కానీ కళ్లు ఎత్తలేదు.

అత్తయ్య వచ్చాక సంగతి చెప్పాం. ఆవిడ తన చూపుడువేలు చూసుకుంది. "అయితే నా చెయ్యి కాదన్నమాట" అంది. ఆ మాటలో ఉన్న దిగులు చూశాక, ఈ ఇంట్లో ఒకేరోజు ఇద్దరు పెద్దవాళ్లను నొప్పించిన ఘనత నాదేనని అర్థమైంది.

సోమవారం. పనిచేస్తున్నదాన్ని మళ్లీ ముట్టుకోకూడదని తెర మీద ఓ తువ్వాలు కప్పాను. లేచిన దగ్గర్నుంచీ ఇల్లంతా ఏదో తేడాగా ఉంది. మావారు రోజూలాగే గడియారం చూసుకుంటూ నింపాదిగా వెళ్లి, బస్సు పోయిందని ఫోన్ చేశారు. "ఆ బస్సే ముందొచ్చి ఉంటుంది లెండి" అన్నాను నేను. స్నానానికి వెళ్తూ మేకు మీద గడియారం చూశాను. పదిన్నర. ఇరవై తీసేస్తే పదీ పది. చాలా టైముంది. నిమ్మళంగా తలస్నానం చేశాను. ఏ చీర బాగుంటుందా అని రెండు చీరలు మార్చాను. జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటింట్లో కాఫీ కలుపుతుంటే హాల్లో యంత్రం మోగింది.

"ఇదేంటి, వీళ్లింత ముందొచ్చేశారు!" అనుకుంటూ పరుగెత్తి, తెర మీది గుడ్డ లాగాను. ముగ్గురు కనిపించారు. మధ్యలో కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, అటు ఓ గడ్డం ఆయన, ఇటు నెరిసిన జుట్టు ముసలాయన.

"నమస్కారం మేడమ్. మీకోసం ఎదురుచూస్తున్నాం. పదకొండూ ఐదయింది" అంది పెద్దావిడ.

తలెత్తి గోడ గడియారం చూశాను. పదకొండూ ఐదు. అక్షరాలా పదకొండూ ఐదు. ఈ ఇంట్లో కాపురానికి వచ్చాక మొదటిసారి ఆ గడియారం నిజం చెబుతోంది.

వంటింటి గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు. నిన్న నేనన్న మాటలకి, తెల్లవారుతూనే లేచి, స్టూలు వేసుకుని ఇంట్లో ప్రతి గడియారాన్నీ నాకోసం సరిచేశారు. చెప్పకుండా చేశారు. జరిగిందేమిటో ఆయనకు నా తల మీది తువ్వాలు చూడగానే తెలిసిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు ఆయనకు మళ్లీ వినిపిస్తున్నట్టుంది.

"క్షమించండి. ఆలస్యం నాదే. మా వాళ్ల తప్పేమీ లేదు" అన్నాను. వాళ్లు అడగని మాట అది. కానీ అది వాళ్లకోసం అన్నది కాదు.

లెక్క నడపమన్నారు. ఆదేశం టైపు చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టి, తీసేసి, పక్కకు తిరిగి, "అత్తయ్యా" అని పిలిచాను. ఆవిడ గరిటెతో సహా వచ్చింది. నేను కళ్లతోనే అడిగాను. ఆవిడ మొహం చేటంత చేసుకుని చూపుడువేలితో ఒక్క నొక్కు నొక్కింది. తెర మీద రాతి పొరల మధ్య నీలం రంగు నీళ్లు నెమ్మదిగా పాకడం మొదలుపెట్టాయి.

"బాగుంది. ఎక్కించేటప్పుడు ఇబ్బందులేమైనా వచ్చాయా?" అని అడిగింది పెద్దావిడ, గరిటె గురించి ఏమీ అడగకుండా.

ఇంక దాచేదేముంది? గడియారం కథంతా చెప్పాను. మామయ్య చేశారని మాత్రం చెప్పలేదు, యంత్రంలో సమయం ముందుకు జరిగిందన్నాను. వింటూ వింటూ పెద్దావిడ కలం కింద పెట్టింది.

"ఒక్క నిమిషం. ఆ తప్పు మాకూ వస్తుంది. ఏళ్ల తరబడి వస్తోంది. అందుకే మేం పంపిన సూచనల్లో 'ఇలా వస్తే కాసేపు ఆగి, టీ తాగి వచ్చి మళ్లీ ప్రయత్నించండి' అని రాశాం. ఎందుకో ఎవరికీ తెలీదు." గడ్డం ఆయన వైపు తిరిగింది. "మన ఫైళ్లన్నీ దాచే సర్వర్ టైము ఎంతుందో చూడండి."

ఆయన టకటకా ఏదో కొట్టాడు. ఆగాడు. "పావుగంట ముందుందండి."

"ముందుందా! ఎవరు పెట్టారు?"

చివరనున్న నెరిసిన జుట్టు ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండి. మీటింగులకి ఒక్కరూ టైముకి రారు కదా. దాంట్లో మార్చేస్తే అందరి యంత్రాల్లోనూ మారుతుందనుకున్నా గానీ, అవి మారనేలేదు..."

నా వెనక నుంచి ఓ కేక వినబడింది. "అద్దీ!" మామయ్య గుమ్మం వదిలేసి, నా భుజం మీదుగా తెరలోకి తల దూర్చేశారు. "బాగా చెప్పారు బాబూ! నేనైతే ఇరవై పెడతాను. పావుగంట సరిపోదు, జనం దానికి అలవాటుపడిపోతారు!"

"ఇరవైకి అలవాటు పడరంటారా?" అని ముసలాయన ఆసక్తిగా ముందుకు వంగాడు.

పెద్దావిడ నుదురు పట్టుకుని నవ్వుతోంది. ఆ ఇద్దరూ ఇంకో కాసేపు మాట్లాడుకున్నాక గానీ నన్ను, "ఎప్పట్నుంచి చేరగలరు?" అని అడిగే వీలు ఆవిడకు దొరకలేదు. "రేపే" అన్నాను.

తెర ఆరిపోయాక నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో నాకే తెలియలేదు. అత్తయ్య తువ్వాలు తీసి నా జుట్టు తుడవసాగింది. మామయ్య గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, వీటిని ఇలాగే ఉంచెయ్యనా?" అన్నారు దిగులుగా.

"వద్దు మామయ్యా. ఇవి నిజం చెబితే ఈ ఇంట్లో ఎవరమూ టైముకి ఏ పనీ చెయ్యలేకపోతున్నాం. స్టూలు తీసుకురండి."

నేను స్టూలు పట్టుకుంటే ఆయన ఎక్కి గదిగదికీ ఇరవై తిప్పారు. నా యంత్రం దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోనని చూపించారు. మర్నాడు పనికి కూర్చుంటే తెర అంచున ఓ కాగితం అతికించి ఉంది. డిపోలో బోర్డులు రాసిన గుండ్రటి అక్షరాలు:

"ఈ గడియారం ఇరవై నిమిషాలు వెనక. దీన్ని నమ్మి మోసపోవద్దు."

చదివి ఒక్క క్షణం గుండె గుభేల్మంది. వెంటనే కూర్చుని పని మొదలుపెట్టాను. మొదటిరోజు, అందరికంటే ముందు.